ఏది అసలు కారు? ఫెరారీ 250 జీటీఓ, చాసిస్ నంబర్ 3413

2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటరేలో జరిగిన ఒక వేలంలో, కాలి నలిగిపోయి ముందేదో వెనకేదో పోల్చుకోవడం కూడా కష్టంగా ఉన్న ఒక లోహపు ముద్ద 18 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. వేలం జాబితాలో దాని పేరు 1954 నాటి ఫెరారీ 500 మోందియాల్ స్పైడర్, చాసిస్ నంబర్ 0406 ఎండీ. 1960లలో ఒక రేసులో అది ప్రమాదానికి గురై తగలబడింది. దానితోపాటు ఇచ్చిన ఇంజన్ కూడా దానితో పుట్టినది కాదు, మరో ఫెరారీ రకానికి చెందినది. అయినా వేలంశాల అంచనా వేసిన ధరకంటే ఎక్కువే పలికింది.

ఆ డబ్బు పెట్టినవారు నిజంగా కొన్నదేమిటి? పాత కార్ల సేకరణ ప్రపంచంలో చిక్కుముడులన్నీ ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతాయి. కొనుగోలుదారు ఆ ముద్దను విప్పి, చట్రాన్ని సరిచేయించి, కొత్త రేకుతో పాత ఆకారాన్ని మళ్లీ కొట్టించుకుంటే, చివరకు తయారయ్యే కారులో మూడొంతులకు పైగా ఇప్పటి లోహమే ఉంటుంది. అయినా అది 0406 ఎండీ గానే చెలామణి అవుతుంది. అదే పనివాళ్లు అదే రేకుతో, ఆ ముద్ద ఊసే లేకుండా, అచ్చం అలాంటి కారునే చేస్తే దానికి ఆ విలువలో చిన్న భాగం కూడా రాదు. పైకి చూస్తే ఇది వట్టి వెర్రిలా కనిపిస్తుంది. దీని వెనక ఒక తర్కం ఉందని, ఆ తర్కం ఎక్కడ గట్టిగా నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో తెలుసుకోవడానికి ఫెరారీ 250 జీటీఓ కంటే మంచి ఉదాహరణ లేదని నా అభిప్రాయం.

ముందుగా ఆ కారు సంగతి. 1962 ఫిబ్రవరిలో సంస్థ వ్యవస్థాపకుడు ఎంజో ఫెరారీ తన వార్షిక పత్రికా సమావేశంలో దీన్ని చూపించారు. పేరులోని 250 అన్నది ఒక్కో సిలిండర్ పరిమాణాన్ని సూచించే అంకె. పన్నెండు సిలిండర్లు కలిపి 2,953 సీసీ. జోయాకినో కొలంబో రూపొందించిన వీ12 వంశంలో అది బాగా పదును తేలిన రూపం. ఆరు వెబర్ కార్బురేటర్లు, సుమారు 300 హార్స్‌పవర్, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఇంజన్ కింద నూనె నిలవ ఉండే గిన్నె లేకుండా, నూనెను విడి ట్యాంకులో ఉంచి పంపుల ద్వారా తిప్పే డ్రై సంప్ పద్ధతి పెట్టడంవల్ల ఇంజన్‌ను కిందికి దించగలిగారు. దాంతో ముందుభాగం గాలిని చీల్చేంత పల్చగా వచ్చింది. వెనక ఇరుసు మాత్రం పాతకాలపు గట్టి ఇరుసే; దాన్ని పక్కలకు కదలనివ్వకుండా వాట్ లింకేజ్ అమర్చారు. డాష్‌బోర్డు మీద స్పీడోమీటర్ లేదు. రేసు డ్రైవరుకు కావలసింది ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందన్న లెక్కే కాబట్టి ఆ ముల్లు మాత్రం పెద్దగా కనిపిస్తుంది.

ఈ కారును మొదలుపెట్టిన ఇంజనీర్ జోత్తో బిజ్జారినీ, 1961 చివర్లో మరికొందరు ముఖ్యులతో కలిసి సంస్థను విడిచి వెళ్లారు. మిగిలిన పనిని పూర్తిచేసే భారం అప్పటికి 26 ఏళ్ల మౌరో ఫోర్గియెరీ మీద పడింది. కారు ఒళ్లంతా ఇటలీలోని మోడెనాలో సెర్జో స్కాలియెత్తి షెడ్డులో తయారైంది. అల్యూమినియం రేకును ఇసుక నింపిన తోలు సంచుల మీద పెట్టి, సుత్తితో కొట్టి వంపులు తెచ్చేవారు. చేతిపని కాబట్టి ఒక కారు ఒంపు మరో కారులో సరిగ్గా ఉండదు. ఒకే కారులో ఎడమ పక్కకూ కుడి పక్కకూ కూడా తేడా ఉంటుంది. ‘అసలైన జీటీఓ ఆకారం’ అనే మాటను వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొలబద్దకు అందే ఒకే ఒక్క ఆకారం అంటూ మొదటినుంచీ లేదు.

పేరు చివర ‘ఓ’ అనే అక్షరం ఓమొలొగాతో, అంటే ‘ఆమోదం పొందినది’ అన్న ఇటాలియన్ మాటకు గుర్తు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య నియమం ప్రకారం గ్రాండ్ టూరింగ్ తరగతిలో పోటీపడే కారు కనీసం 100 తయారై ఉండాలి. జీటీఓలు 1962 నుంచి 1964 వరకు మొత్తం 36 మాత్రమే తయారయ్యాయి. నాలుగు లీటర్ల ఇంజన్‌తో చేసినవాటినీ కలిపితే 39 అంటారు. తనిఖీకి వచ్చినవారికి ఉన్న కొద్దిపాటి కార్లనే ఒకచోటినుంచి మరోచోటికి మార్చి మళ్లీ మళ్లీ చూపించారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అసలు జరిగింది అంత నాటకీయంగా లేదు. 1959 నుంచి తయారవుతున్న 250 జీటీ షార్ట్ వీల్‌బేస్ కారుకు ఇది మెరుగుపరచిన రూపం మాత్రమేనని ఫెరారీ వాదించింది, సమాఖ్య ఒప్పుకుంది. రెండు కార్లలోనూ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లే. ఫెరారీలో ఆ రోజుల్లో రోడ్డు కార్లకు బేసి సంఖ్యలు, శుద్ధ రేసు కార్లకు సరి సంఖ్యలు చాసిస్ నంబర్లుగా ఇచ్చేవారు. జీటీఓలకు బేసి సంఖ్యలే వచ్చాయి. రేసుల కోసమే పుట్టిన కారు కాగితాల మీద రోడ్డు కారు. అంటే జీటీఓ గుర్తింపు అనేది పుట్టుకలోనే లోహంతో పాటు కాగితం మీద కూడా ఆధారపడి ఉంది. ఆ కాగితం పుణ్యాన 1962, 1963, 1964 సంవత్సరాల్లో తన తరగతి ప్రపంచ టైటిల్ వరుసగా ఫెరారీకే దక్కింది.

ఇప్పుడు 3413 దగ్గరకు వద్దాం. తయారైనవాటిలో ఇది మూడో జీటీఓ. 1962లో సిసిలీ కొండల్లో జరిగే టార్గా ఫ్లోరియో పందేనికి ముందు సాధనలో రేసు డ్రైవర్ ఫిల్ హిల్ దీన్ని నడిపారు. తర్వాత దీన్ని కొన్న ఎదోఆర్దో లువాల్ది గబార్ది అనే రేసర్ అదే ఏడాది ఇటలీ జాతీయ జీటీ ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1963 టార్గా ఫ్లోరియోలో జన్నీ బుల్గరీ చేతుల్లోనూ, 1964లో కొర్రాదో ఫెర్లయినో చేతుల్లోనూ ఇది తన తరగతిలో మొదటి స్థానం తెచ్చుకుంది. (నాపోలి ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడిగా 1984లో మరడోనాను తీసుకొచ్చిన ఫెర్లయినో ఈయనే.) ఆ రెండు విజయాల మధ్య ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. ఫెరారీ 1964 కోసం జీటీఓకు మరింత వెడల్పుగా, పొట్టి పైకప్పుతో కొత్త ఒంటిని రూపొందించింది. పాత కార్లలో నాలుగింటికి తమ పాత ఒళ్లు ఊడదీసి ఈ కొత్త ఒళ్లు తొడిగారు. వాటిలో 3413 ఒకటి.

ఈ కారు చాలా ఏళ్లు అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ రంగ ప్రముఖుడి సొంత సేకరణలో ఉంది. 2018 ఆగస్టులో మాంటరే వేలానికి వచ్చినప్పుడు 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి వేలంలో ఏ కారుకూ అంత ధర రాలేదు. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక ఇరుసు తనతో పుట్టినవే ఉండటం ఆ ధరకు ఒక కారణం. మరి ఒంటి సంగతేమిటి? 1962లో స్కాలియెత్తి కొట్టిన మొదటి రేకు దాని మీద లేదు. ‘అసలు’ అంటే ‘పుట్టినప్పుడు ఉన్నట్టు’ అని అర్థం చెప్పుకుంటే 3413 అసలు కారు కానే కాదు. అయినా ఆ లోటును ఎవరూ లోటుగా చూడలేదు, ఎందుకంటే ఆ మార్పు చేసింది దాన్ని పుట్టించినవారే, చేసింది అది ఇంకా పందేల్లో పరుగెత్తుతున్న రోజుల్లో, పందెం గెలవడం కోసం. అదే మార్పును 1985లో ఎవరో యజమాని ముచ్చటపడి చేయించి ఉంటే, అది సరిదిద్దవలసిన తప్పుగా లెక్కకొచ్చేది. మార్పు ఏమిటి అన్నదానికంటే అది ఎప్పుడు, ఎవరి చేత, ఎందుకు జరిగింది అన్నవే ఇక్కడ నిర్ణాయకమైన ప్రశ్నలు. వాడుకలో ఉన్న కాలంలో జరిగిన మార్పు కారు జీవితచరిత్రలో భాగమవుతుంది. ఆ కాలం దాటాక జరిగినది మరమ్మతు అవుతుంది, లేదా కల్పన అవుతుంది.

అయితే ఏది ఎప్పుడు జరిగిందో తేల్చడమే కష్టం. దానికి కారణం మధ్యలో గడిచిన చవక రోజులు. కొత్తలో అమెరికాలో సుమారు 18,000 డాలర్లకు అమ్మిన జీటీఓ, రేసుల్లో పాతబడగానే పాత రేసు కారు అయింది, అంతే. 3589 నంబరు జీటీఓ టెక్సాస్‌లోని ఒక హైస్కూలుకు చేరి, మెకానిక్ పాఠాలు నేర్చుకునే పిల్లలకు పనిముట్టుగా ఉపయోగపడింది. 1972లో ఆ బడి దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. కొన్నవారి దగ్గర అది ఏళ్ల తరబడి ట్రెయిలర్ మీద ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిసింది. ఇలాంటి కాలంలో ఇంజన్ పగిలితే దొరికిన మరో ఇంజన్ వేసుకునేవారు, డొక్కయిన చట్రాన్ని మూలన పడేసేవారు, ఒకే కారు విడిభాగాలు మూడు ఊళ్లకు చెదిరిపోయేవి. రేపు ఈ లోహపు ముక్కలకు వంశవృక్షం గీయాల్సివస్తుందని ఎవరూ ఊహించలేదు. అందులో వారి తప్పేమీ లేదు.

ధరలు పెరిగాక చెదిరిన ముక్కలన్నీ మళ్లీ కారు అవ్వాలని చూశాయి. ఒకరి దగ్గర చట్రం, మరొకరి దగ్గర ఇంజన్, ఇద్దరిదీ ఒకే నంబరు! అమెరికాలోని ఒహాయోలో 1958 నుంచి ఒకరి ఇంట్లో పడి ఉన్న 1954 నాటి ఫెరారీ 375 ప్లస్, చాసిస్ 0384 ఏఎమ్, 1980లలో దొంగతనానికి గురై బెల్జియంలో తేలింది. కొన్ని విడిభాగాలు అమెరికాలోనే మిగిలాయి. యాజమాన్యం ఎవరిదన్న వ్యాజ్యం అట్లాంటిక్‌కు రెండు వైపులా ఏళ్లపాటు సాగింది. 2014లో ఇంగ్లండ్‌లో 1 కోటి 7 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయాక కూడా వివాదం మళ్లీ కోర్టుకెక్కింది. తయారైనవి అయిదే అయిన కార్లలో ఒకటి కాబట్టి చట్రం ఒక్కటే ఉన్నా, రేకులు ఒక్కటే ఉన్నా వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు.

చట్రం, చక్రాలు, నొగలు, కాడి, వీటిలో రథం ఏదని బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద మహారాజును అడిగిన ప్రశ్న మనకు కొత్తది కాదు. అన్నీ కూడినప్పుడు వాడుకలో వచ్చే పేరే రథం అన్నది చివరకు రాజు ఇచ్చిన, నాగసేనుడు మెచ్చిన సమాధానం. దాదాపు అదే ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు ముందుకు వచ్చింది. వివాదంలో ఉన్నది ఇటలీ కారు కాదు. 1929, 1930 సంవత్సరాల్లో ల మాన్ 24 గంటల పందెం గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ. కానీ ఆ తీర్పు ప్రభావం పాత కార్లన్నింటి మీదా ఉంది. దాన్ని కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్న సంస్థ, ఇందులో 1929 నాటి భాగాలు దాదాపు లేనే లేవు కాబట్టి ఇది ఆ కారు కాదని వెనక్కి తగ్గింది. న్యాయమూర్తి ఆటన్ అసలు కారు అన్న మాటకూ, ప్రామాణికమైన కారు అన్న మాటకూ మధ్య గీత గీశారు. గెలిచిన నాటి భాగాలతోనే ఉన్న అసలు కారు ఇది కాదన్నారు. అయితే పందేల కోసం ఒకదాని తర్వాత ఒకటిగా భాగాలు మారుతూ వచ్చినా మధ్యలో ఎక్కడా అది అంతమైపోలేదు, మరో కారుగా మారిపోలేదు, కాబట్టి ఓల్డ్ నంబర్ వన్ అనే గుర్తింపు దీనిదేనని తేల్చారు. ఒప్పందం చెల్లింది.

తెగని పరంపరే గుర్తింపు అన్న ఈ సూత్రం నాకు సరైనదిగానే కనిపిస్తుంది. కాకపోతే మొదట చెప్పిన మాంటరే ముద్ద లాంటివాటి దగ్గర ఇది నలిగిపోతుంది. కాలిపోయి 60 ఏళ్లపాటు కారుగా ఒక్క అడుగు కూడా కదలని లోహం విషయంలో పరంపర తెగిందని అనాలా, నిద్రపోయిందని అనాలా? మార్కెట్ రెండోదాన్నే ఎంచుకుంది. ఆ లోహాన్ని ఎవరూ కరిగించలేదు, చేతులు మారిన కాగితాలు వరుసగా ఉన్నాయి, అదే నంబరుతో మరో కారు పోటీకి రాలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ధర వచ్చేది కాదు.

నకళ్ల విషయానికి వస్తే, నాకు బాధ కలిగించే భాగం ఒకటుంది. అదే కాలంలో ఫెరారీ 250 జీటీఈ అని నలుగురు కూర్చునే కుటుంబ కారును 950 వరకు తయారుచేసింది. అందులో ఉన్నది కూడా ఆ మూడు లీటర్ల కొలంబో వీ12 వంశమే. 1960లలో రోమ్ పోలీసులు దొంగలను తరమడానికి వాడిన నల్ల ఫెరారీ ఈ జీటీఈయే. అర్మాందో స్పతఫోరా అనే పోలీసు దాన్ని నడిపిన తీరు ఇప్పటికీ ఆ నగరంలో కథలుగా చెప్పుకుంటారు. జీటీఓల ధరలు ఆకాశానికి అంటినప్పుడు జీటీఈలు ఇంకా చవకగానే ఉండేవి. చాలావాటిని విప్పేసి, చట్రాన్ని కుదించి, చక్రాల మధ్య దూరాన్ని 2,600 మిల్లీమీటర్ల నుంచి 2,400కు తగ్గించి, పైన జీటీఓ ఆకారం తొడిగారు. ఇంజన్ నిజమైన ఫెరారీదే, చట్రం నిజమైన ఫెరారీదే, ఆకారం చూస్తే కన్ను మోసపోతుంది. కానీ నంబరు జీటీఈది. నకలు ఎంత బాగా వచ్చినా, దానికోసం నిజమైన చరిత్ర ఉన్న కారు ఒకటి మాయమైందని మరచిపోలేం.

ఈ ఆకారం ఎవరిది అన్నది మరో చిక్కు. మోడెనాలోనే ఒక సంస్థ ఈ ఆకారంతో కొత్త కార్లు చేయబోతోందని తెలిసి ఫెరారీ దావా వేసింది. 2019లో బొలోన్యా న్యాయస్థానం 250 జీటీఓ ఒక కళాఖండమని, దాని ఆకారానికి కాపీహక్కు రక్షణ ఉందని ప్రకటించింది. కానీ మరుసటి ఏడాదే ఐరోపా సమాఖ్య మేధోసంపత్తి కార్యాలయం, ఆ ఆకారం మీద ఫెరారీకి ఉన్న ట్రేడ్‌మార్కును కార్ల విషయంలో రద్దుచేసింది. ఏళ్ల తరబడి ఆ గుర్తును ఆ వస్తువుల మీద వాడలేదన్నది కారణం. బొమ్మకార్లకు మాత్రం హక్కు మిగిలింది. కాపీహక్కు సృజనను కాపాడుతుంది, ట్రేడ్‌మార్కు వాడకాన్ని కాపాడుతుంది కాబట్టి రెండు నిర్ణయాలూ పరస్పరం కొట్టుకోవు.

గుర్తింపును ధ్రువీకరించే పనిని ఇప్పుడు ఫెరారీ స్వయంగా, క్లాసికే అనే విభాగం ద్వారా చేస్తోంది. 20 ఏళ్లు దాటిన కార్ల చాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్ నంబర్లను కర్మాగారం దస్త్రాలతో పోల్చి ధ్రువపత్రం ఇస్తుంది. పాత చిత్రపటాల ఆధారంగా కొత్త భాగాలను పోతపోసి కూడా ఇస్తుంది. ఇందులో సౌలభ్యం ఉంది, ఒక ప్రమాదం కూడా ఉంది. కర్మాగారం దస్త్రాలు కారు పుట్టిన రోజుకు సాక్ష్యం. తర్వాతి 60 ఏళ్లకు సాక్ష్యం పందేల నమోదు పత్రాలు, ఆనాటి ఫొటోలు, కస్టమ్స్ కాగితాలు, షెడ్డు బిల్లులు, యజమానుల ఉత్తరాలు. పుట్టినరోజుకు తిరిగి తీసుకెళ్లాలన్న తొందరలో ఆ మధ్యకాలపు సాక్ష్యాలు చెరిగిపోయిన కార్లు ఎన్నో ఉన్నాయి.

ఈ విషయంలో సేకర్తల దృష్టి మెల్లగా మారుతోంది. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో, ఒకప్పుడు నటుడు అలె దెలొ వాడిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌ను వేలం వేశారు. పల్లెటూరి షెడ్డులో పాత పత్రికల కట్టల కింద దశాబ్దాలపాటు పడి ఉన్న కారు అది. దుమ్ము తుడవకుండానే వేదిక మీదికి తెచ్చారు, 1 కోటి 62 లక్షల యూరోలకు పైగా వచ్చింది. కాలిఫోర్నియాలో జరిగే పెబుల్ బీచ్ పాత కార్ల ప్రదర్శనలో ఏళ్ల తరబడి అద్దంలా మెరిసే కార్లకే అగ్ర బహుమతి దక్కేది. 2024లో మొట్టమొదటిసారి పునరుద్ధరణ చేయని ఒక పాత బుగాటీకి ఆ బహుమతి ఇచ్చారు. మన దేశంలో కూడా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తూ, చాసిస్, బాడీ, ఇంజన్ విషయంలో పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలోనే ఉండాలని షరతు పెట్టాయి. ఆ నిర్వచనాన్ని తూచా తప్పకుండా పట్టుకుంటే 1964లో ఒళ్లు మార్చుకున్న 3413 లాంటి కారు ఎటు వస్తుందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ‘తొలి రూపం’ అన్న మాటకు కాలాన్ని కూడా జోడించి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

వేలంలో అమ్ముడైన ఫెరారీలలో 3413 పేరిట ఉన్న రికార్డు 2023 నవంబరులో చెరిగిపోయింది. 38 ఏళ్లపాటు ఒకే సొంత సేకరణలో ఉన్న 3765 నంబరు కారు న్యూయార్క్‌లో 5 కోట్ల 17 లక్షల డాలర్లకు వెళ్లింది. ఫెరారీ సొంత జట్టే పందెంలో దించిన జీటీఓ అది. 1962 నూర్‌బుర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల పందెంలో నాలుగు లీటర్ల ఇంజన్‌తో మొత్తం మీద రెండో స్థానంలో వచ్చింది. తర్వాత దానికి మూడు లీటర్ల ఇంజన్ వేశారు. ఇక్కడా తెగని పరంపరే గుర్తింపు అన్న సూత్రమే పనిచేసింది.

ఇలాంటి కారు కొనేముందు నిపుణులు చేసే పని చూస్తే మెరుగు పెట్టిన రంగు వైపు పెద్దగా చూడరు. టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరి, ఉక్కు గొట్టం మీద పంచ్ చేసిన నాలుగు అంకెలను వెతుకుతారు. మన ఆర్‌టీఓ ఆఫీసులో పెన్సిల్ రుద్ది కాగితం మీదికి దించుకునే నంబరు లాంటిదే అది. చేత్తో కొట్టినవి కాబట్టి అంకెల మధ్య దూరం సమంగా ఉండదు, లోతు ఒకలా ఉండదు. మరీ తీరుగా ఉంటేనే అనుమానం. పాత అంకెలను గ్రైండర్‌తో అరగదీసి కొత్తవి కొట్టినా, మొదటి దెబ్బకు అడుగున నొక్కుకుపోయిన ఉక్కు తన పక్కనున్న ఉక్కులా ఉండదు. దాని మీద ఆమ్లం పూస్తే నొక్కుకున్న చోటు మిగతాదానికంటే వేరుగా స్పందిస్తుంది, చెరిపేశామనుకున్న అంకెలు కాసేపటికి నీడలా పైకి తేలుతాయి.